లోపలి నుంచి తిరిగే ప్లేటు

పోయిన వారం మిమ్మల్ని ఫణిభూషణ్ గారి గేటు ముందు వదిలేశాను. చేతిలో ప్లేట్ల పెట్టె, భుజాన లాప్‌టాప్ సంచి, కడుపులో అరవై ఏళ్ళ కోపం. బెల్లు నొక్కిందీ లేనిదీ చెప్పకుండా ఆపేశానని కొందరు విసుక్కుని ఉంటారు. నొక్కాను. రెండుసార్లు నొక్కాను.

మధ్యలో చేరినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. నా పేరు వర్ష. పాత గ్రామఫోన్ ప్లేట్లలో ఉన్న గొంతులను కంప్యూటర్‌లోకి ఎక్కించడం నా పని. మేడ్చల్‌లో రెండు గదుల ఇల్లు, ఒకదాంట్లో యంత్రాలు, ఇంకోదాంట్లో నేనూ మా అవ్వ దుర్గాబాయీ. మా తాత గౌరయ్య పాటగాడు. 1958లో సికింద్రాబాద్‌లో ఉండే వెంకటరామయ్య అనే పెద్దమనిషి తాతను ఇంటికి పిలిపించి, గొంతును గీతలుగా ప్లేటు మీద కోసే యంత్రం ముందు కూర్చోబెట్టి పాడించుకున్నాడు. రెండేళ్ళకు ఆ పాటలన్నీ వెంకటరామయ్య రాసినట్టుగా పుస్తకం వచ్చింది. ఆ మరుసటి ఏడు గండిమైసమ్మ దగ్గర మా తాత అవే పాటలు ఎత్తుకుంటే, ఎవరో ఆ పుస్తకం తెరిచి జనానికి చూపించి, దొంగ అని దింపేశారు. ఆయన మళ్ళీ నోరు విప్పి పాడలేదు. రాళ్ళు కొట్టి బతికాడు, రాళ్ళు కొడుతూనే పోయాడు. మా నాయిన పరమేష్‌ను బడిలో దొంగపాటోని కొడుకు అని పిలిచేవారు. అవ్వకు ఇప్పుడు ఎనభై మూడు. మా ఇంట్లో ఈనాటికీ రేడియో లేదు.

ఈ ఆదివారం ఆ వెంకటరామయ్య శతజయంతి. కొడుకు ఫణిభూషణ్, బ్యాంకులో రిటైరై శామీర్‌పేటలో ఇల్లు కట్టుకున్నవాడు, ఊళ్ళోనే హాలు మాట్లాడి, ఆ పుస్తకాన్ని మళ్ళీ అచ్చు వేయిస్తున్నాడు. నాన్నగారి గొంతు సభలో వినిపించాలని ఆయన దాచిన ప్లేట్లు పట్టుకుని ఎవరెవరినో అడిగి, చివరికి నా గుమ్మం ఎక్కాడు. నేనెవరి మనవరాలినో చెప్పలేదు. గారు అనడం నా వృత్తి మర్యాద, అంతవరకే.

శుక్రవారం పొద్దున్న పదిన్నరకు తలుపు తీసింది ఆయన భార్య పార్వతీదేవి గారు. "రా అమ్మా, నీ కోసమే చూస్తున్నారు" అంటూ లోపలికి తీసుకెళ్ళారు. హాల్లో దండ వేసిన వెంకటరామయ్య ఫోటో, పక్కనే కొత్త పుస్తకాల కట్టలు. ఫణిభూషణ్ గారి కుర్చీ వెనక గోడకు ఒక గడియారం. నల్లటి ప్లేటు మధ్యలో గుండ్రంగా వెంకటరామయ్య బొమ్మ అతికించి, చుట్టూ ఇత్తడి అంకెలు జిగురుతో అంటించి చేసింది. నా పనిలో ఉన్నవాళ్ళకు ఇలాంటివి చూస్తే ఒళ్ళు మండుతుంది.

నేను చూడడం చూసి ఆయన మురిసిపోయారు. "మా అబ్బాయి భానుతేజ చేశాడమ్మా, తాతగారి జ్ఞాపకంగా. కంగారు పడకు, ఖాళీ ప్లేటేలే. ఏమీ లేదు దాంట్లో."

నేను నవ్వి ఊరుకున్నాను. గడియారాలకు కోపం ఖర్చు పెట్టడానికి రాలేదు నేను.

"ఇరవై ఒకటీ అయ్యాయి సార్" అని పెన్‌డ్రైవ్ బల్ల మీద పెట్టాను. "అన్నిట్లోనూ మీ నాన్నగారే పాడారు. గొంతు స్పష్టంగా ఉంది. మధ్య మధ్య 'వీరయ్యా, ఊడ్చు' అని పనివాడిని పిలవడం వినిపిస్తుంది."

"అవునవును. ప్లేటు కోస్తుంటే నల్లటి పోగు లేచేది. అది ముల్లుకు చుట్టుకోకుండా వీరయ్య కుంచెతో ఊడ్చేవాడు. నాకు రెండేళ్ళప్పటి సంగతి, అమ్మ చెబితే తెలిసింది." ఆయన కళ్ళు తడిశాయి. "ఇరవై ఒకటేగా నేనిచ్చింది."

"పెట్టెలో ఇరవై రెండు ఉన్నాయి సార్."

ఆయన ముఖంలో తడి ఇంకిపోయింది. భార్య వైపు తిరిగారు. పార్వతీదేవి గారు టీ కప్పులు సర్దుతూ, తల ఎత్తకుండానే అన్నారు: "నేనే పెట్టానండీ. అన్నీ చేయిస్తున్నారు కదా అని."

"అది వద్దని చెప్పానా లేదా?"

"చెప్పారు."

ఆ ఇంట్లో నాకు నచ్చిన మొదటి మనిషి ఆవిడే.

ఫణిభూషణ్ గారు గొంతు తగ్గించారు. "ఆ ప్లేటు పాడైందమ్మా. పది సెకన్లు కూడా లేదు. ముల్లు పెడితే జారి బయటికి పోతుంది. దాన్ని వదిలెయ్."

"ఆ పది సెకన్లలో ఏముంది సార్?"

నేను టీ తాగుతూ కూర్చున్నాను. పగ తీర్చుకోవాలనుకునేవాళ్ళకు ముందు కావలసింది ఓపిక. నాకది మా అవ్వ నుంచి వచ్చింది.

"నువ్వు కూతురిలాంటి దానివి, ఎలాగూ వినే ఉంటావు" అని చివరికి మొదలుపెట్టారు. "మా నాన్నకు ఇంకో ఆవిడ ఉండేది. పేరు దుర్గాబాయి. ఆ ప్లేటులో ఆ పేరు చెప్పి, నా దగ్గరే ఉంటుంది, ఎవరికీ చెప్పను అంటాడాయన. మా అమ్మ శేషారత్నం అది వింది. ప్లేటు తీసుకెళ్ళి తన ట్రంకుపెట్టెలో పెట్టి తాళం వేసుకుంది. పోయేదాకా ఆ తాళంచెవి మెడలోనే ఉంది. ఇరవై తొమ్మిదేళ్ళు ఆయనకు తన చేత్తో అన్నం వడ్డించలేదమ్మా. నాకు ఊహ తెలిసిన దగ్గర్నుంచీ మా నాన్న వంటింట్లోకి వెళ్ళి తనే పెట్టుకు తినేవాడు."

"ఆయన్ని అడగలేదా ఆమె?"

"ఎన్నిసార్లు అడిగిందో. ఎవరా దుర్గాబాయి అని అడిగితే తల దించుకునేవాడు. తప్పు చేసినవాడు ఏం చెబుతాడు."

కప్పు కింద పెట్టాను. వెంకటరామయ్యకు ఏ శిక్షా పడలేదని చిన్నప్పటి నుంచీ ఏడ్చిన పిల్లను నేను. ఇరవై తొమ్మిదేళ్ళు ఆయన కంచం ఆయనే పెట్టుకున్నాడని విన్నప్పుడు నాకు కలిగింది సంతోషం. దాచుకోను, సంతోషమే.

పెట్టెలోంచి ఇరవై రెండో ప్లేటు తీశాను. అల్యూమినియం రేకు మీద నల్లటి పూత, అంచుల్లో పూత పెచ్చులుగా లేస్తోంది. దూదిమెత్త మీద ఉంచి ఆయన ముందుకు జరిపాను.

"ముల్లు ఎక్కడ పెట్టారు సార్ మీరు?"

"ఎక్కడేమిటి, అందరూ పెట్టేచోటే." బయటి అంచు చూపించారు.

"ఇది అక్కడ మొదలవదు. అక్కడ అయిపోతుంది." నా వేలు ప్లేటుకు తగలకుండా, మధ్యలో చీటీ పక్కన ఆపాను. "ఇక్కడ మొదలవుతుంది. లోపలి నుంచి బయటికి కోశారు దీన్ని. నాలుగు నిమిషాల పాట, మాట. మీ ఇంట్లో అందరూ చివరి పది సెకన్లే విన్నారు."

నాగారంలో మా గురువు జానకిరామయ్య గారు నాకు నేర్పిన మొదటి పాఠం ఇదే. పాతరోజుల్లో రేడియోవాళ్ళు కొన్ని ప్లేట్లను లోపలి నుంచి కోసేవారు. అలా కోస్తే పోగు మధ్యకు చేరి ముల్లుకు అడ్డం రాదు, ఊడ్చే మనిషి అక్కర్లేదు. మంగళవారం ఈ ప్లేటును దీపం కింద పెట్టగానే నాకు విషయం అర్థమైంది. మిగతా ఇరవై ఒక్క ప్లేట్లకూ వీరయ్య ఉన్నాడు. దీనికి లేడు. ఆ రోజు గదిలో సాక్షి ఎవరూ ఉండకూడదని వెంకటరామయ్య పనివాడిని పంపించేసి, లోపలి నుంచి కోసుకున్నాడు. ఆ జాగ్రత్తే ఆయన కొంప ముంచింది. బయటి నుంచి కోసి ఉంటే శేషారత్నం గారు ముందు పాట వినేవారు, ఆ తర్వాత మాటంతా వినేవారు.

"ఇందులో దుర్గాబాయి ఉందా?" అని పార్వతీదేవి గారు అడిగారు.

"ఉంది మేడం. వినండి." పూత లేస్తున్న ప్లేటు మీద రెండోసారి ముల్లు పెట్టను. మంగళవారం ఎక్కించిందే లాప్‌టాప్‌లో తెరిచాను. అందులో ఏముందో మీకూ ఇంతవరకు చెప్పలేదు కదా, వాళ్ళతో పాటే వినండి.

ముందు గరగర. తర్వాత ఇరవై ఆరేళ్ళ మా తాత.

*ఇసుర్రాయి తిప్పంగ ఇరిగె నా గాజు*
*ఇరిగిన గాజుకు ఏడ్వనే నేను*
*పిండిల వడ్డదో, పిల్లలు తిందురో*
*దీపం ముందట వెట్టి దేవులాడుకుంటి*

ఫణిభూషణ్ గారి చెయ్యి పుస్తకాల కట్ట మీదికి పోయింది. ఆ పాట అందులో మొదటి పేజీలో ఉంది. స్త్రీ మనసులోకి తొంగి చూసిన కవి అని ముందుమాటలో పొగిడింది ఈ పాట చూసే. పాట అయిపోయింది. వెంకటరామయ్య గొంతు వినిపించింది.

"బాగుందయ్యా గౌరయ్యా. ఇంత ఆడమనసు నీకెక్కడిది? నువ్వే కట్టావా?"

"నేనేడ గడ్త సారూ. మా ఇంట్లామె కడ్తది. ఇసురుకుంట కడ్తది, దంచుకుంట కడ్తది. నేను పాడ్త."

"అన్నీ ఆవిడవేనా? పేరేమిటి?"

"దుర్గాబాయి."

"రాసుకుంటానుండు."

"వద్దు సారూ. ఆడిది కట్టిన పాట పాడ్తుండని ఊల్లె నవ్వుతరు. నా పేరే రాయుండ్రి. దాని పేరు బయటికి రానియ్యకుండ్రి, మీకు దండం వెడ్త."

చిన్న నవ్వు. "అలాగేలే, నీ పేరే వేస్తాను. దుర్గాబాయి సంగతి నా దగ్గరే ఉంటుంది. ఎవరికీ చెప్పను."

ప్లేటు అయిపోయింది. హాల్లో గడియారం చప్పుడు తప్ప ఏమీ లేదు.

"ఇంకో ఆవిడ కాదు" అన్నారు ఫణిభూషణ్ గారు. "పాటలు కట్టిన మనిషి. మరి నాన్న ఆ మాట అమ్మకు ఎందుకు చెప్పలేదు?"

ఇంతసేపూ వాళ్ళ తీరులోనే మాట్లాడాను. ఇక అక్కర్లేదనిపించింది.

"ఎట్ల చెప్తడు సార్? దుర్గాబాయి ఎవరంటే పాటలు కట్టినామె అని చెప్పాలె. చెప్తే పుస్తకం దొంగతనమని తేలుతది. మీ అమ్మ ముందట దొంగ అనిపించుకునుడు కన్నా, ఇంకో ఆడిదాన్ని ఉంచుకున్నోడు అనిపించుకునుడే నయమనుకున్నడు. మీ అమ్మ అన్నం పెట్టకపోయినా ఓర్చుకున్నడు గని పేరు మాత్రం ఇడ్వలే."

ఆయన ఏడ్చారు. తండ్రి కోసం కాదు, తల్లి కోసం. "అమ్మ ఆ అనుమానంతోనే పోయింది" అని రెండుసార్లు అన్నారు. నాకు జాలి వేసిందని రాస్తే మీకు నేను మంచిదాన్నిగా కనిపిస్తాను. వెయ్యలేదు. శేషారత్నం గారి మీద వేసింది. ఆయన మీద వెయ్యలేదు.

"నువ్వెవరమ్మా?"

"గౌరయ్య మనవరాల్ని. దుర్గాబాయి మనవరాల్ని."

పార్వతీదేవి గారు చేతిలో ఉన్న ట్రే బల్ల మీద పెట్టి, నా పక్కన సోఫాలో కూర్చున్నారు.

"ఏం కావాలి నీకు?" అన్నారు ఆయన.

"ఆదివారం సభల ఈ నాలుగు నిమిషాలు వినిపించాలె. మైకు ముందట మీరే నిలబడి చెప్పాలె. ఈ పాటలు మా నాన్నవి కావు, మేడ్చల్ దుర్గాబాయివి అని మీ నోటితోనే చెప్పాలె. గండిమైసమ్మ కాడ మా తాతను దింపినప్పుడు మస్తు మంది చూసిండ్రంట. మీ నాన్నను దింపంగ గూడ అంతమంది చూడాలె."

ఆయన కళ్ళు తుడుచుకున్నారు. మనిషి బ్యాంకులో ముప్ఫై ఏళ్ళు పని చేసినవాడు, ఊరికే మెత్తబడిపోడు. "మీ తాత ఏం చేశాడు మరి? భార్య పేరు వద్దని దండం పెట్టింది ఆయనే కదా. మా నాన్న రెండోవాడమ్మా. మొదటివాడు మీ ఇంట్లోనే ఉన్నాడు."

ఆ దెబ్బ నాకు తగిలింది. కొత్తగా కాదు, మంగళవారమే తగిలింది. ఆ ప్లేటు విన్నాక చెవులకున్న హెడ్‌ఫోన్లు తీసి, పక్కగదిలో పడుకున్న అవ్వ దగ్గరికి పోయి నిలబడ్డాను, ఏమీ అడగలేక తిరిగి వచ్చాను. తాత కోసం మొదలుపెట్టిన పగ ఇది. ఇసుర్రాయి ముట్టని మనిషి ఇసుర్రాయి పాట ఎట్లా కట్టాడని ముప్ఫై నాలుగేళ్ళలో నాకు ఒక్కసారైనా తోచలేదు. నేనూ ఆ వరసలో దాన్నే. అందుకే ఇది ఇంక తాత పగ కాదు.

"ఆయనతోని లెక్క మా అవ్వ చూసుకుంటది సార్. మీతోని నేను చూసుకుంట."

ఫణిభూషణ్ గారు లాప్‌టాప్ వైపు వేలు చూపించారు. "ఇది ఎవరు నమ్ముతారు? ఈ రోజుల్లో కంప్యూటర్లో ఎవరి గొంతుతో ఏ మాటైనా అనిపించొచ్చు. మా మనవరాలు హర్షితే చేస్తుంది. నమ్మాలంటే ప్లేటు కావాలి." ఆయన అరచెయ్యి మెల్లగా దూదిమెత్త మీదికి వచ్చింది. "ప్లేటు నాది."

నిజమే, ప్లేటు ఆయనది. ఇచ్చేటప్పుడు నేను రాసిచ్చిన రసీదులో కూడా, పని అయ్యాక అన్నీ తిరిగి అప్పగిస్తానని ఉంది. నేనే టైపు చేశాను ఆ ముక్క.

"ఆవిడ ఉన్నారా అమ్మా?" పార్వతీదేవి గారు నన్ను అడిగారు. "దుర్గాబాయి గారు?"

"ఉంది మేడం. మేడ్చల్‌లో మా ఇంట్లోనే."

"ఒకసారి మాట్లాడించు. మా అత్తయ్య ఆ పేరు తిట్టుకుంటూనే పోయింది. ఆ గొంతు నేను వినాలి."

ఫోను చేసి, అందరికీ వినపడేలా బల్ల మీద పెట్టాను. ఆరోసారి మోగాక అవ్వ ఎత్తింది.

"ఏంది బిడ్డా, పని గాలేదా?"

"అవ్వా, ఒకటడుగుత. ఇసుర్రాయి పాట ఎవరు కట్టిండ్రు?"

పార్వతీదేవి గారు ఫోను దగ్గరికి వంగారు.

"గిప్పుడు ఎందుకే గదంత."

"ప్లేట్ల దొరికిందవ్వా. తాత చెప్పిండు. మా ఇంట్లామె కడ్తదని నీ పేరు చెప్పిండు."

"చెప్పిండా?" అవ్వ గొంతు సన్నబడింది. "ఆయన నోటితోనే చెప్పిండా? నిజంగనా? నా ముందట ఎన్నడు ఒప్పుకోలే బిడ్డా. పోయేనాడు గూడ ఒప్పుకోలే."

నేను పెదవి కొరుక్కున్నాను. వాళ్ళ ముందు ఏడవకూడదని ఇంటి దగ్గరే ఒట్టు పెట్టుకుని వచ్చాను.

"ఎన్ని ప్లేట్లు దొరికినయ్?" అంది అవ్వ.

"గిది ఒక్కటే అవ్వా."

"ఒక్కటేంది? రెండుండాలె. మర్నాడు మీ తాతకు గొంతు పట్టుకుంది, మాట రాలే. సారేమో ఇగ ఆగనంటడు. నెత్తి మీద కొంగు నిండుగ కప్పి మీ తాత నన్నే తోల్కపోయిండు. రెండోది నేనే పాడిన. పాడినంక సారు నీ పేరు చెప్పమ్మా అంటే, దుర్గాబాయిని, గీ పాటలన్ని నాయే అని చెప్పిన. మీ తాత గప్పుడు బయట చెప్పులకాడ కూసున్నడు, ఇన్లే. గది ఏది మరి?"

ఫణిభూషణ్ గారి చెయ్యి ప్లేటు మీద అలాగే ఆగింది. నేను పెట్టె వైపు చూశాను. ఇరవై రెండు ప్లేట్లూ నేనే తుడిచాను, నేనే ఎక్కించాను. ఆడగొంతు ఒక్కదాంట్లోనూ లేదు.

పార్వతీదేవి గారు మాత్రం పెట్టె వైపు చూడడం లేదు.

"ఏవండీ" అన్నారు నెమ్మదిగా. "అత్తయ్య ట్రంకులో రెండు ప్లేట్లు ఉండేవి. రెండోదాని మీద కూడా ముల్లు అంచునే పెట్టి చూశారు మీరు. ఏమీ వినపడలేదని, ఖాళీది అని, భానుతేజకు ఇచ్చేశారు."

తలెత్తి గోడ వైపు చూశాను. అవ్వ పాట అంచుదాకా రాకముందే ముగిసి ఉంటుంది, అందుకే అక్కడ ముల్లుకేమీ దొరకలేదు. వెంకటరామయ్య బొమ్మ కింద, ప్లేటు మధ్యభాగంలో, పాట మొదలయ్యే చోట, గడియారం ముళ్ళు పదకొండుంబావు చూపిస్తున్నాయి. చుట్టూ పన్నెండు ఇత్తడి అంకెలు జిగురుతో గట్టిగా అంటి ఉన్నాయి. ఒక్కో అంకె లాగితే దాని కింది పూత కూడా లేచి వస్తుంది. జాగ్రత్తగా చేస్తే సగమైనా దక్కుతుంది, నేలకేసి కొడితే ఏమీ దక్కదు.

నా చూపు ఎటు పోయిందో ఫణిభూషణ్ గారు కనిపెట్టారు. నాకూ గోడకూ మధ్య బల్ల ఉంది, పార్వతీదేవి గారు ఉన్నారు. ఆయనకు అడ్డం ఏమీ లేదు. కుర్చీలోంచి లేచి, వెనక్కి తిరిగి, మేకుకు వేలాడుతున్న గడియారాన్ని రెండు చేతులతో దింపుకున్నారు.

బల్ల మీద ఫోనులో అవ్వ ఇంకా అడుగుతూనే ఉంది.

"బిడ్డా, నా ప్లేటు దొరికిందా?"